శిలాఫలకం లేని విరాళం

మా ఆర్మూరు ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు వసూలుచేసిన చందాలతో గుళ్లు బాగుపడ్డాయి, సంఘ భవనాలు లేచాయి. దాతల పేర్లు రాళ్లపై ఉన్నాయి. ఉపాధ్యాయుడిగా నేను చూసిన పెద్ద విరాళానికి మాత్రం రాయి లేదు.

2001లో కలెక్టర్ జి. అశోక్ కుమార్ గారి పిలుపుతో వేల్పూర్ మండలంలో పిల్లలను పని మాన్పించి బడికి పంపే ఉద్యమం సాగింది. తల్లిదండ్రుల అప్పు కింద పిల్లలు జీతముండేవారు. అప్పు తీరనిదే బడి ఎక్కడిది? చివరకు యజమానులు అందరి ముందు ఆ బాకీలు వదులుకున్నారు, సుమారు 35 లక్షల రూపాయలు. (పిల్లల చాకిరీతో అవి ఎప్పుడో తీరాయని నా అభిప్రాయం, అది వేరే మాట.) అక్టోబరు 2న మండలాన్ని బాలకార్మిక రహితంగా ప్రకటించారు.

అలా వచ్చిన ఒక పిల్లవాడు నా తరగతిలో వారం రోజులు వాకిలి దగ్గరే కూర్చున్నాడు. ఎందుకురా అంటే, “పటేలు పిలుస్తడేమో సారూ” అన్నాడు.