తోకకప్ప నేర్పిన చిగుళ్ల పాఠం

తోకకప్ప కప్పగా మారేటప్పుడు దాని తోక ఏమవుతుంది? 1962లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ ఈ ప్రశ్నకు సమాధానం కనుగొన్నారు. ఆ తోకలోని కణజాలమే కొల్లాజెన్‌ను ఛేదించే కొల్లాజినేజ్ అనే ఎంజైమును విడుదల చేస్తున్నది. మన పంటిని ఎముకకు బంధించి నిలిపే నార కూడా కొల్లాజెనే. మానవుని చిగుళ్లలోనూ ఇటువంటి ఎంజైము ఉన్నదని 1966లో వెల్లడైంది.

చిగుళ్ల వ్యాధికి నాంది పలికేది పాచిలోని సూక్ష్మజీవులే. కాని వాటిని ఎదిరించవచ్చిన మన తెల్ల రక్తకణాలు, చిగుళ్ల కణాలు విడిచే ఎంజైములే ఆ నారను అధికంగా తెంచుతాయి. రక్షకులే భక్షకులగుట ఇదే.

టెట్రాసైక్లిన్ వర్గపు మందులు, క్రిములను చంపే గుణంతో నిమిత్తం లేకుండానే, ఈ ఎంజైమును అణచగలవని 1983లో లోర్న్ గోలబ్ బృందం చూపింది. తత్ఫలితంగా 1998లో 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ మాత్రకు అమెరికాలో అనుమతి లభించింది.

అయితే ఆ మాత్ర గార తీయించుకొనుటకు తోడే గాని బదులు కాదు. వైద్యుని సలహా లేనిదే వాడరాదు. పళ్లు తోముకొనేటప్పుడు రక్తం కనబడితే, పన్ను కదిలేదాకా వేచి ఉండక దంతవైద్యుని సంప్రదించండి. పాచి తొలగితే ఎంజైముల ఉద్ధృతీ తగ్గుతుంది.