పోడు మీద తీర్పు, నేల సాక్ష్యం

అరకు, అనంతగిరి, పాడేరు కొండల్లోని పోడు సేద్యం మీద బ్రిటిష్ కాలం నుంచి ఒకే నింద ఉంది: అడవిని నరికి, తగలబెట్టి, కొండను బోడి చేస్తుందని. ఆ నింద వేసినవారు నరికిన చెట్టును చూశారు, పొగను చూశారు, కాళ్ల కింది మట్టిని చూడలేదు. ఈ కొండలకు ఆధారమైన రాయి ఖోండలైటు. ఇక్కడి ఖోండు తెగ పేరునే దానికి 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ పెట్టాడు. లక్షల ఏళ్ల వానలకు ఆ రాయి మెత్తబడి, అందులోని సున్నం, పొటాష్ లాంటివి కొట్టుకుపోగా ఇనుము, అల్యూమినియం మిగిలాయి. మట్టికి ఎరుపు వచ్చింది అందుకే. గాలికొండ, రక్తకొండల నెత్తిన బాక్సైటు పేరుకున్నదీ అందుకే. ఇలాంటి నేలలో భాస్వరం ఇనుముకు అతుక్కుని వేరుకు చిక్కదు. సారంలో చాలా భాగం మట్టిలో కాక చెట్టులో, రాలిన ఆకులో ఉంటుంది. దాన్ని పంటకు అందించే మార్గమే బూడిద. అది నేలలోని పులుపును తగ్గించి రెండు మూడేళ్లు సామలు, చోళ్లు, కందులు, వలిసెలు పండనిస్తుంది. ఆ తర్వాత అడవి తిరిగి ఎదిగేదాకా భూమిని వదిలేస్తారు. పోడుకు అసలు ఎరువు మంట కాదు, ఆ విరామం.

నేలను ఎరిగి నడుచుకునే ఈ తెలివి ఇళ్ల కట్టుబడిలోనూ ఉంది. కోస్తా డెల్టాల నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చి గోడల్ని చీలుస్తుంది. కొండల ఎర్రమట్టి అంతగా ఉబ్బదు. కనుక అడుగున రాళ్లు పేర్చి, తొక్కిన మట్టితో లేపిన గోడ నిలబడుతుంది. దానికి పెద్ద శత్రువు జడివాన. అరుగు దాటి కిందికి దిగిన చూరు ఆ దెబ్బను కాస్తుంది. పల్లపు గెడ్డల వెంట వరి మడులు, వాలు మీద మెట్ట పంట, ఊటకు దగ్గరగా ఊరు: ఈ అమరిక నేల గుణాన్ని బట్టి కుదిరింది.

పోడు వల్ల మట్టి కోసుకుపోలేదా, కింది జలాశయాలు పూడిపోలేదా అని అడగవచ్చు. కోత నిజమే, దాన్ని కాదనలేం. అయితే అది ఎప్పుడు ముదిరింది? 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలైన రిజర్వు హద్దులు పోడు తిరిగే చోటును కుదించాయి, జనం పెరిగారు, విరామం కొన్నేళ్లకు కురచైంది. ఆ ఆంక్షల మీది కోపం 1922–24 నాటి గూడెం–రంప తిరుగుబాటుకు ఒక కారణం. విరామాన్ని లాగేసుకుని, దాని ఫలితానికి సేద్యాన్ని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. అలాగని పాత పోడుకే తిరిగి వెళ్లమనడం కాదు. అంత భూమి ఇప్పుడు లేదు. నీడ చెట్ల కింద మిరియంతో కలిపి పెంచే కాఫీ ఇక్కడ నిలదొక్కుకోవడానికి ఒక కారణం, అది నేలను ఎప్పుడూ కప్పి ఉంచడమే. పోడు విరామం చేసిన పనిలో కొంత అది చేస్తోంది.

మైదానంలో గీసిన నమూనాను కొండకు ఎక్కించే అలవాటు మాత్రం పోలేదు. మరుగుదొడ్డి గుంతనే చూడండి. గుల్లగా, రాళ్లతో ఉన్న వాలులో మురుగునీరు వడపోత లేకుండానే కిందికి జారుతుంది. బంకమట్టిలో ఇంకక పొంగుతుంది. ఆ వాలు కిందే ఊరి తాగునీటి ఊట ఉంటే, ఆరోగ్యం కోసం తవ్విన గుంతే జబ్బుకు దారి తీస్తుంది. గోస్తని, శారద ఈ కొండల్లోనే పుడతాయి. వాటి మీద కట్టిన తాటిపూడి, రైవాడ జలాశయాల నీరు విశాఖపట్నం తాగుతుంది. అందుకే ఇక్కడ మట్టిని పరీక్షించి, ఊట ఎక్కడుందో ఊరివాళ్లను అడిగి గుంతకు చోటు ఎంచడం కొండవాళ్లకు చేసే ఉపకారం కాదు, మైదానం తన నీటిని తాను కాపాడుకోవడం.