యుగంధర్‌కి చెల్లెలెందుకు లేదు?

ఉద్యోగం పోయింది. అప్పు కట్టలేదని కారు పట్టుకుపోయారు. ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే అమ్ముకుంటోంది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ట్రెంటన్ ఊరి పిల్ల స్టెఫనీ ప్లమ్ కథ ఇలా మొదలవుతుంది. వేరే గతిలేక విన్నీ అనే చుట్టం నడిపే బెయిలు కంపెనీలో చేరుతుంది. బెయిలు మీద బయటికొచ్చి కోర్టు వాయిదాకి ఎగనామం పెట్టినవాళ్లని వెతికి పట్టివ్వడం ఆమె పని. పట్టిస్తే బెయిలు సొమ్ములో పదో వంతు ఆమెది. మొదటి వేటే జో మొరెల్లి మీద. అతను పోలీసు, పైగా చిన్ననాటి నుంచీ తెలిసినవాడు. జానెట్ ఇవనోవిచ్ 1994లో 'వన్ ఫర్ ది మనీ'తో మొదలుపెట్టిన ఈ వరస ముప్పై నవలలు దాటింది. స్టెఫనీ తుపాకీని బిస్కెట్ల జాడీలో పెడుతుంది. ఆమె ఎక్కిన కారు తగలబడిపోవడం మామూలే. ఇక అమ్మమ్మ మజూర్‌కి కాలక్షేపమంటే శవాన్ని కడసారి చూపుకి ఉంచే ఫ్యూనరల్ హోమ్‌లకి వెళ్లడం. శవప్పెట్టె మూత వేసి ఉంటే ఎత్తి చూసిందాకా ఆవిడకి ఊపిరాడదు.

ఇలాంటి అమ్మాయి తెనాలిలోనో, రేపల్లెలోనో ఎందుకు పుట్టలేదు? తొలి అడ్డంకి చట్టమే. 1872లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన టేలర్ వర్సెస్ టెయింటర్ తీర్పు, పారిపోయిన ముద్దాయిని వెంటాడి పట్టుకునే హక్కు జామీనుదారుకు ఉందని చెప్పింది. వాళ్ల బెయిలు వ్యాపారం దాని మీదే నిలబడింది. మన దగ్గర బెయిలు కంపెనీలు లేవు. బావమరిదో, ఊళ్లో పెద్దమనిషో పొలం కాగితాలు పట్టుకొచ్చి జామీను ఉంటాడు. ముద్దాయి ఉడాయిస్తే కోర్టుకి డబ్బు కట్టాల్సింది ఆ పెద్దమనిషే. అందులో కావలసినంత హాస్యం ఉంది గానీ దాన్ని నవలగా రాసినవాళ్లు కనబడరు.

డిటెక్టివ్‌లకి మాత్రం ఈ ప్రాంతంలో కరువు లేదు. కొమ్మూరి సాంబశివరావు 1926లో తెనాలిలో పుట్టారు. ఆయన మద్రాసులో కూర్చుని సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఒక తరాన్ని రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. 'చీకటికి వేయికళ్లు', 'లక్షాధికారి హత్య' లాంటి పుస్తకాలు అద్దె పుస్తకాల కొట్లలో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారాయి. ఆయన తల్లి పద్మావతీదేవి సామాన్యురాలు కాదు. మర్యాదస్తుల ఇంటి ఆడవాళ్లు ముఖానికి రంగు వేసుకోవడం తప్పనుకునే రోజుల్లో రంగస్థలమెక్కారు, 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ'లో నటించారు. అంత ధైర్యం ఇంట్లోనే ఉన్నా, యుగంధర్ కుర్చీలో ఓ ఆడమనిషిని కూర్చోబెట్టాలని కొడుక్కి తోచలేదు. పుస్తకాల అమ్మకంలో మాత్రం ఆడవాళ్లు ముందుకొచ్చారు. తెనాలిలో స్థిరపడిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి కూతురు చౌదరాణి మద్రాసు టి.నగర్‌లో రాణీ బుక్ సెంటర్ పెట్టి తెలుగు పుస్తకాలు అమ్మారు.

తుపాకీ పట్టిన ఆడది తెలుగువాళ్లకి నవలలో కంటే ముందు తెర మీద దొరికింది. 1970లో కె.ఎస్.ఆర్.దాస్ 'రౌడీరాణి' తీశారు. తనవాళ్లని చంపినవాళ్లని వెతుక్కుంటూ విజయలలిత గుర్రమెక్కింది. హాళ్లలో ఈలలు పడ్డాయి, హిందీలో 'రాణీ మేరా నామ్'గా మళ్లీ తీశారు. మరుసటి ఏడాది అదే దాస్, తెనాలి పక్క బుర్రిపాలెం కుర్రాడు కృష్ణకి టోపీ పెట్టి, ఆరుద్ర కథతో 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. కౌబాయ్ చిత్రమనగానే అందరికీ అదే గుర్తొస్తుంది. దాని కన్నా ముందే తుపాకీ పేల్చిన రాణిని తలుచుకునేవాళ్లు తక్కువ, ఇది కాస్త అన్యాయమే. విజయలలిత విజయశాంతికి పిన్ని. 1990లో 'కర్తవ్యం' వచ్చేసరికి ఆ ఇంటి ఆడపిల్ల ఖాకీ తొడిగి పోలీసు అధికారి వైజయంతి అయింది. రాణి పగతో రగిలింది, ఖాకీ తొడిగిన వైజయంతి గర్జించింది. నవ్వించడం మాత్రం ఇద్దరి పనీ కాలేదు.

ఈ నేల మీద దొంగల వేటని నవ్వులాటగా రాయడం అంత తేలిక కూడా కాదు. బాపట్ల దాటి చీరాల వైపు వెళ్తే స్టూవర్టుపురం వస్తుంది. తెల్లదొరలు ఎరుకలవాళ్లకి 'నేరస్థ జాతి' అని ముద్రేసి, సాల్వేషన్ ఆర్మీ కాపలాలో పెట్టిన సెటిల్‌మెంట్ అది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ముద్ర వేసిన చట్టం పోయింది గానీ ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు అక్కడికే వచ్చేది. 1970లలో ఆ ఊళ్లోకి ఒకావిడ లాఠీ లేకుండా నడిచివెళ్లారు. ఆమె కవి జాషువా కూతురు, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు హేమలతా లవణం. భర్త లవణంతో కలిసి నేరాలు చేసినవాళ్ల ఇళ్లలోనే కూర్చుని మాట్లాడి, వాళ్లని దొంగతనం మానిపించే పని ఏళ్ల తరబడి చేశారు. పోలీసులు వెతికే మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లిన అసలు తెలుగు స్త్రీ ఎవరంటే ఆమె పేరే చెప్పాలి. ఆమెకి పదో వంతు ఇచ్చినవాళ్లెవరూ లేరు.

హాస్యం మరో దారిలో వచ్చింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి 'చంటబ్బాయ్' నవలలో పాండురంగారావు అనే తింగరి డిటెక్టివ్‌ని సృష్టించారు. 1986లో జంధ్యాల దాన్ని చిరంజీవితో సినిమా తీశారు. వేసిన ప్రతి పథకం తిరగబడినా తగ్గని ఆత్మవిశ్వాసం చూస్తే పాండు, స్టెఫనీ అన్నాచెల్లెళ్లంటే నమ్మొచ్చు. అయితే ఆ సినిమాలో ఆడవేషం కూడా చిరంజీవే వేశారు!

1990లలో వంశీ ఈటీవీకి 'లేడీ డిటెక్టివ్' అనే ధారావాహిక తీసి ఆ లోటు కొంత పూడ్చారు. తర్వాత మళ్లీ మగవాళ్లే. 2019లో వచ్చిన సినిమాలో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరులో ఆఫీసు తెరిచాడు. అసిస్టెంట్‌గా స్నేహ అనే అమ్మాయి చేరింది. ఆ ఏజెన్సీని ఎఫ్‌బీఐ అంటారు. విడదీస్తే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్.