పేరు పలాసది, పిక్క ఎక్కడిదో

మధ్యధరా సముద్రపు ఒడ్డున గొడుగు విప్పినట్టు కొమ్మలు చాచే పైన్ చెట్టు ఒకటుంది. కాయ పండటానికి మూడేళ్లు తీసుకుంటుంది. రోమన్ల కాలం నుంచీ దాని గింజలు తింటున్నారు, తీరంలో ఇసుక కదలకుండా దాన్నే నాటుకున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ రెండు పనులూ మీద వేసుకున్నది జీడిమామిడి.

ఇది బ్రెజిల్ ఈశాన్య తీరపు చెట్టు. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు గోవాకూ మలబారుకూ తెచ్చారు. నేల కోతను ఆపడానికే తెచ్చారని చాలా పుస్తకాల మాట. నాకు సగమే నమ్మకం. నెలల తరబడి ఓడల్లో తిరిగేవాళ్లు తిండికీ సారాకూ పనికొచ్చే పండును చూసి ఊరుకుంటారా! గోవాలో ఫెనీ అనే సారాను ఇప్పటికీ ఆ పండుతో కాస్తారు. ఉద్దానంలో మాత్రం పండుకు విలువ లేదు. పిక్క తెంపుకుని పండును చెట్టుకిందే వదిలేస్తారు. ఏప్రిల్, మే నెలల్లో తోటల్లో ఆ పులిసిన వాసనే.

పశ్చిమాన మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతం. నడుమ కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఇసుక నేలలు, ఎర్ర నేలలు. ఎక్కువ భాగం వాన మీదే ఆధారం. కొబ్బరి, పనస పక్కన జీడి ఇక్కడ కుదురుకోవడానికి కారణం సులువైనదే. వేరు లోతుకు పోతుంది, ఎరువు లేకపోయినా ఎంతో కొంత కాస్తుంది.

కానీ చెట్టు ఉన్నంత మాత్రాన డబ్బు రాదు. పిక్క డొల్లలో చర్మాన్ని బొబ్బలెక్కించే నూనె ఉంటుంది. దాన్ని దాటి పప్పును విరగకుండా బయటికి తీయడమే అసలు విద్య. 1920ల్లో కొల్లం, మంగళూరు వైపు నుంచి అమెరికాకు పప్పు ఎగుమతి ఊపందుకుంది. దారిలో పురుగు పట్టకుండా టిన్నుల్లో గాలి తీసి బొగ్గుపులుసు వాయువు నింపే పద్ధతి అందుకు తోడ్పడింది. పారేయాల్సిన డొల్లనూనె కూడా రంగుల్లోకీ, వార్నిషుల్లోకీ, మోటారు బ్రేకుల లైనింగుల్లోకీ చేరింది.

ఆంధ్రలో ఈ విద్య మోరి, వేటపాలెం, పలాసల్లో నిలబడింది. పలాసకు చుట్టూ తోటలున్నాయి, 1890ల్లో వేసిన మద్రాసు–హౌరా రైలుమార్గమూ ఉంది. పలాస–కాశీబుగ్గ జంట పట్టణం జీడి బట్టీల ఊరైంది. మొదట్లో పిక్కల్ని కాల్చేవారు, ఇప్పుడు బాయిలర్ ఆవిరిలో ఉడికిస్తున్నారు. తర్వాత కటింగు, బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టడం, పై పొర ఒలవడం, గ్రేడింగు. ఒలిచేదీ ఏరేదీ ఎక్కువగా ఆడవాళ్లే. జీడి అంటకుండా చేతులకు బూడిదో నూనో రాసుకున్నా వేళ్లు నల్లబడతాయి. వాళ్ల వేళ్ల నేర్పును బట్టే గుండు పప్పా, బద్దా, ముక్కా అన్నది తేలుతుంది, ధరా తేలుతుంది. డబ్బా మీద 320 అని ఉంటే పౌనుకు సుమారు అన్ని గుండ్లు తూగుతాయని లెక్క. 180 అంటే అంతకన్నా లావు పప్పు, అంతకన్నా ప్రియం.

బట్టీలు పెరిగేకొద్దీ స్థానిక పిక్క చాలలేదు. దేశం మొత్తానికీ ఇదే కథ. ముందు తూర్పు ఆఫ్రికా నుంచి, తర్వాత ఐవరీ కోస్టు, బెనిన్, గినీ బిస్సావు వంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు దిగుమతి అయ్యాయి. పలాస పప్పు అని మనం కొనేదాంట్లో కొంత ఆఫ్రికా తోటల్లో కాసిందే. పలాస కీర్తి బట్టీ కీర్తి, చెట్టుది కాదు. ఇందులో మోసమేమీ లేదు. అయితే కీర్తి పట్టణంలో ఉండిపోయింది, పండించిన రైతు బేరంలో బలహీనుడయ్యాడు. సొంత పిక్కకు ధర అడిగితే వ్యాపారి దిగుమతి ధర చూపిస్తాడు. ఇక్కడ బేరం 80 కిలోల బస్తా లెక్కన. బస్తాకు 20 కిలోల అటూ ఇటూగా పప్పు వస్తుంది. పప్పు ధర ఎక్కినంత వేగంగా బస్తా ధర ఎక్కదన్నదే రైతుల గోడు.

బాపట్ల పరిశోధన కేంద్రం ఇచ్చిన బీపీపీ–8 వంటి లావు పిక్క రకాలు దిగుబడిని పెంచగలవు. ముసలి తోటలు తీసి కొత్తవి నాటాలంటే మాత్రం మూడు నాలుగేళ్లు కాపు ఉండదు, నిండు కాపుకు ఇంకా కొన్నేళ్లు. ఆ ఖాళీ ఏళ్లు చిన్న రైతు ఎలా గడపాలి? 2018 అక్టోబరు 11 వేకువన పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను ఈ ప్రశ్నను అందరి నెత్తినా ఒకేసారి పెట్టింది. కొబ్బరి, పనస, జీడి వేళ్లతో సహా ఒరిగిపోయాయి. పరిహారం ఏ లెక్కన ఇచ్చినా అది పడిన చెట్టుకే, పోయిన కాపు ఏళ్లకు కాదు. బట్టీలు మాత్రం షెడ్లు సరిచేసుకుని, దిగుమతి పిక్కతో మళ్లీ పని మొదలుపెట్టగలవు.