బొమ్మ వేయించిందెవరు?

పాత మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు, పాత నల్లగొండ 14,240. రెండూ కలిపితే నేనుంటున్న బెల్జియం కంటే దాదాపు రెండు వేల చదరపు కిలోమీటర్లు ఎక్కువే. "మీ దేశం ఎంత ఉంటదిరా?" అని ఊళ్లో పెద్దలు అడిగితే నారాయణపేట నుంచి కోదాడ దాకా అని చెప్తాను. అంత చిన్న దేశం తనకు డెబ్బై అయిదు రెట్లకు పైగా ఉన్న కాంగోను ఏలింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ సంగతి ఎక్కడా కనపడదు. కనపడేవి బొమ్మలు. బ్రస్సెల్స్‌లో 1991 నుంచి ఇళ్ల గోడల నిండా కామిక్స్ బొమ్మలు వేస్తున్నారు. ఓ సందులో టింటిన్, ఇంకో సందులో లక్కీ ల్యూక్. సెలవు దొరికితే నేను ఆ గోడల వెంట తిరుగుతుంటాను. ఈ దేశ చరిత్ర నాకు పుస్తకాల్లో కంటే ఆ తిరుగుళ్లలోనే ఎక్కువ అర్థమైంది.

అసలు ఈ దేశం పుట్టుకే ఒక పాటతో ముడిపడి ఉంది. నెపోలియన్ ఓడాక ఈ ప్రాంతాన్ని డచ్చి రాజు కింద కలిపేశారు. 1830 ఆగస్టు 25 రాత్రి బ్రస్సెల్స్‌లోని మోనె నాటకశాలలో ఒక ఒపెరా ఆడుతోంది. 1647లో స్పెయిన్ పాలన మీద తిరగబడ్డ నేపుల్స్ జాలరి మసానియెల్లో కథ అది. దేశభక్తి పాట దగ్గర ప్రేక్షకులు ఊగిపోయారు, బయటికొచ్చి వీధుల్లో పడ్డారు. అక్టోబర్ 4 కల్లా స్వాతంత్ర్యం ప్రకటించారు. సుద్దాల హనుమంతు పాటలు విన్న, సుంకర–వాసిరెడ్డిల 'మా భూమి' నాటకం చూసిన తాతల మనవలం మనం, ఇందులో మనకు ఆశ్చర్యమేమీ లేదు. తేడా ఒక్కటే. జాలరి కథ చూసి లేచింది టికెట్ కొనుక్కున్న బాబులు. కొత్త రాజ్యంలో ఓటు హక్కు నూటికి ఒకరికి మించి దక్కలేదు. జాలర్లకు అసలే లేదు.

ఇక కాంగో. 1885 నుంచి 1908 దాకా అది బెల్జియం వలస కూడా కాదు, రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తి. ఊరికింత రబ్బరు అని కోటా పెట్టారు. తేకపోతే ఆడవాళ్లను బందీలుగా పట్టుకునేవారు. తూటాకు లెక్క చూపడానికి సిపాయిలు చేతులు నరికి తెచ్చేవారు. వెట్టి అంటే ఏమిటో నల్లగొండవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఒక ఖండమంత అడవిలో, గడీ యజమాని ఒక్కసారైనా అడుగు పెట్టకుండా నడిపిన వెట్టి ఇది. లియోపోల్డ్ కాంగో మొహం ఎన్నడూ చూడలేదు.

ఎర్జే కూడా చూడలేదు. టింటిన్‌ను సృష్టించిన ఆ కుర్ర చిత్రకారుడికి రెండో కథ అమెరికా మీద గీయాలని ఉండేది. పత్రిక నడిపే వాలెజ్ అనే పాద్రీ మాత్రం కాంగో గీయమన్నాడు. పిల్లలకు వలస రాజ్యం మీద ప్రేమ పుట్టాలి మరి. అలా 1930–31లో వచ్చిందే 'టింటిన్ ఇన్ ది కాంగో'. అందులో నల్లవాళ్లు అమాయకులు, దద్దమ్మలు. టింటిన్ వాళ్ల బడిలో నిలబడి, మీ దేశం బెల్జియం గురించి చెప్తా వినండని పాఠం మొదలుపెడతాడు. 1946లో రంగుల్లో మళ్లీ అచ్చేసినప్పుడు ఆ పాఠం తీసేసి కూడికల లెక్క పెట్టారు. మిగతాది దాదాపు అలాగే ఉంది. కాంగో నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒకాయన దాన్ని నిషేధించాలని 2007లో కేసు వేస్తే 2012లో కోర్టు కుదరదంది. నన్నడిగితే కోర్టు చేసింది మంచిదే. ఆ పుస్తకం కాంగో గురించి ఏమీ చెప్పదు గానీ, బొమ్మ వేయించినవాళ్ల గురించి చాలా చెప్తుంది.

ఇక్కడే నాకు చేర్యాల పటాలు గుర్తొస్తాయి. గళ్లుగళ్లుగా కథ నడిపే ఆ ఎర్రటి పటం కామిక్స్ కాక మరేమిటి? నకాషీలు ఖాదీ గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, బారల కొద్దీ పొడవున గీస్తారు. వాటిని విప్పి, చూపించి పాడేది కూనపులివాళ్లు, కాకిపడగలవాళ్లు, గౌడజెట్టీలు, డక్కలివాళ్లు. విన్నది పద్మశాలీలు, ముదిరాజులు, గౌడ్లు, మాదిగలు. ఎవరి పటం వాళ్లది. మగ్గం నేసేవాడు, కల్లు గీసేవాడు, చేపలు పట్టేవాడు తన మూలపురుషుడి కథను తన ముందు పాడించుకున్నాడు, పాడినవాడికి ధాన్యం కొలిచాడు. బ్రస్సెల్స్‌లో పాద్రీ చేసిన పనిని మన దగ్గర కులపోళ్లు తమ కోసం తామే చేసుకున్నారు. కామిక్స్ మ్యూజియాలు చూసినప్పుడల్లా ఈ తేడా నన్ను వదలదు.

తమ కథ తామే పాడుకునే అవకాశం కాంగోవాళ్లకూ ఒకసారి చిక్కింది, అదీ బ్రస్సెల్స్ నడిబొడ్డున. 1960 జనవరిలో స్వాతంత్ర్యం మీద చర్చలకు కాంగో నాయకులు వస్తే, వాళ్ల వెంట 'ఆఫ్రికన్ జాజ్' బృందం కూడా వచ్చింది. జోసెఫ్ కబసెలె అక్కడే 'ఇండిపెండెన్స్ చా చా' కట్టి పాడాడు. గంభీరమైన గీతం కాదు, డాన్సు పాట. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు గుదిగుచ్చిన పాట. జూన్ 30న కాంగోకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ పాట ఆఫ్రికా అంతా పాకింది.  ఆ పాట, పన్నెండు మెట్ల కిన్నెర మీద మొగులయ్య పాడే పండుగ సాయన్న కథ ఒకే పూట వినండి. సాయన్న పోలీసు కాగితాల్లో దొంగ, కిన్నెరలో దొర.

మళ్లీ బొమ్మల దగ్గరికొస్తే, బెల్జియంలోనే షార్లెరువా నగరం పక్కన మార్సినెల్ అనే ఊరుంది. 'స్పిరు' పత్రికను 1938లో మొదలుపెట్టిన దుప్యుయి సంస్థది ఆ ఊరే. నీలం రంగు స్మర్ఫ్‌లు 1958లో పుట్టింది ఆ పత్రికలోనే. అంతకు రెండేళ్ల ముందు, 1956 ఆగస్టు 8న, అదే ఊళ్లో బొగ్గు గనికి నిప్పంటుకుంది. బొగ్గు బండి లిఫ్టులో సరిగా ఎక్కకముందే లిఫ్టు కదిలింది. బయటికి పొడుచుకొచ్చిన బండి నూనె గొట్టాన్నీ కరెంటు తీగల్నీ తెంపింది. 262 మంది పోయారు. అందులో 136 మంది ఇటలీ వలస కూలీలు.

వాళ్లు వచ్చిన తీరు పాలమూరోళ్లకు కొత్తగా అనిపించదు. 1946 జూన్‌లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి: ఇటలీ 50,000 మంది కూలీలను పంపాలి, బెల్జియం బొగ్గు అమ్మాలి. ఇటలీ ఊళ్లలో గులాబీ రంగు పోస్టర్లు వెలిశాయి. జీతం, సెలవులు, పింఛను అన్నీ రాశారు. పాతాళంలో పని ఎలా ఉంటుందో రాయలేదు. మా మేనమామ గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని డ్యాం పనికి పోయినప్పుడు పోస్టరు కూడా లేదు, నోటిమాటే. ఇటలీవాళ్లను ఇక్కడ మొదట పెట్టింది యుద్ధఖైదీలుండే రేకుల షెడ్లలో.

ప్రమాదం తర్వాత ఇటలీ మనుషులను పంపడం ఆపేసింది. బెల్జియం 1964లో మొరాకోతో, టర్కీతో కొత్త ఒప్పందాలు రాసుకుంది. ఇవాళ బ్రస్సెల్స్ కూరగాయల మార్కెట్లో మనకు పుదీనా, కొత్తిమీర కట్టలు కట్టిచ్చేది ఎక్కువగా వాళ్ల పిల్లలూ మనవలే. గని కూలీగా వచ్చిన ఒక సిసిలీ మనిషి కొడుకు అదామో ఫ్రెంచిలో ప్రేమ పాటలు పాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఇంకో ఇటలీ వలస కూలీ కొడుకు ఎలియో ది రూపో 2011లో ఈ దేశానికి ప్రధాని అయ్యాడు. మార్సినెల్ గని ఇప్పుడు మ్యూజియం. ఇటువైపు వచ్చే మనవాళ్లు సెల్ఫీల కోసం టింటిన్ గోడ దగ్గరికే పోతారు. పోండి, బాగుంటుంది. కానీ ఒక పూట మిగుల్చుకొని షార్లెరువా రైలు కూడా ఎక్కండి.