ఇంజిన్ ఆగింది సాయంత్రం.. తప్పు మొదలైంది పొద్దున్నే!

ఈ ఎపిసోడ్‌లో 2011 ఆగస్టు 26కి వెళ్దాం. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, మాస్బీ అనే చిన్న ఊరు. సాయంత్రం 6 గంటల 41 నిమిషాలు. పేషెంట్‌ని తీసుకెళ్తున్న మెడికల్ హెలికాప్టర్ ఒకటి కూలిపోయింది. పైలట్, నర్స్, పారామెడిక్, పేషెంట్.. నలుగురూ చనిపోయారు.

గాల్లో ఇంజిన్ ఆగిపోయింది కాబట్టి దీన్ని "ఇంజిన్ ఫెయిల్యూర్" అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఇంజిన్ పాడవ్వలేదు. ట్యాంక్‌లో ఇంధనం అయిపోయింది! ఎయిర్‌పోర్ట్ ఇంకా మైలు దూరంలో ఉందంతే. రోజూ ఎగిరే పైలట్‌కి ఇలా ఎలా జరుగుతుంది?

పొద్దున్నుంచి చూద్దాం. ముందు రోజు రాత్రి ఆ హెలికాప్టర్‌ని ట్రైనింగ్‌కి వాడారు. అందుకే ఇంధనం తక్కువగా ఉంది. టేకాఫ్‌కి ముందు చేయాల్సిన చెకింగ్ సరిగ్గా చేసుంటే అది అప్పుడే బయటపడేది. సాయంత్రం కాల్ వచ్చింది: బెథనీ ఊరి ఆసుపత్రి నుంచి పేషెంట్‌ని లిబర్టీ ఆసుపత్రికి తరలించాలి. పైలట్ బయల్దేరి, 2 గంటల ఇంధనం ఉందని రేడియోలో చెప్పాడు.

బెథనీలో దిగాక గానీ అసలు సంగతి తెలియలేదు. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసి 45 నిమిషాలకి సరిపోతుందన్నాడు. నిజానికి ఉన్నది దాదాపు 30 నిమిషాలకే. అమెరికా రూల్ ప్రకారం పగటిపూట హెలికాప్టర్ గమ్యం చేరాక కూడా 20 నిమిషాల ఇంధనం మిగిలి ఉండాలి. దారిలో మాస్బీ దగ్గరి ఎయిర్‌పోర్ట్‌లో నింపుకుందాం అనుకుని, పేషెంట్‌ని ఎక్కించుకుని బయల్దేరాడు.

ఈ కథలో అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ క్షణంలో హెలికాప్టర్ నేల మీదే ఉంది, ఎవరికీ ఏమీ కాలేదు. "ఇంధనం లేదు, నేను రాలేను" అంటే పరువు పోయేదేమో, ప్రాణాలు మాత్రం దక్కేవి.

ఇంజిన్ ఆగినా హెలికాప్టర్ రాయిలా పడిపోదు. ఆటోరొటేషన్ అనే పద్ధతి ఉంది. పైలట్ వెంటనే కొలెక్టివ్ అనే లివర్‌ని దించి, సైక్లిక్ స్టిక్‌ని వెనక్కి లాగితే, కింద నుంచి వచ్చే గాలికి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. చిన్నప్పుడు మనం చేసుకున్న కాగితం గాలిపంకా లాగా అన్నమాట. ఆ హెలికాప్టర్ యూరోకాప్టర్ ఏఎస్350 రకం, రెక్కలు తేలిక. క్షణాల్లో స్పందించకపోతే వాటి వేగం పడిపోతుంది. పైలట్ ట్రైనింగేమో తక్కువ స్పీడ్‌లో జరిగింది. పూర్తి స్పీడ్‌లో ఇంజిన్ ఆగితే ఏం చేయాలో సరైన ప్రాక్టీస్ లేదు.

విచారణ చేసింది ఎన్‌టీఎస్‌బీ, అంటే అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు. 2013లో తేల్చిన కారణాల్లో ఒకటి అందర్నీ ఉలిక్కిపడేలా చేసింది. అదే ఫోన్. డ్యూటీలో, గాల్లో ఉన్నప్పుడు కూడా పైలట్ పర్సనల్ మెసేజ్‌లు చేస్తూ ఉన్నాడు. విమానంలో ఫోన్ వాడొద్దని కంపెనీ రూల్ ఉన్నా సరే.

ఒకటి గమనించండి. ఇంజిన్ ఆగిన టైమ్‌కి ఆయన మెసేజ్ టైప్ చేయడం లేదు! ఫోన్ చేసిన నష్టం అంతకు చాలా ముందే జరిగిపోయింది. చెకింగ్ చేయాల్సిన టైమ్‌లో, లెక్క చూసుకోవాల్సిన టైమ్‌లో మనసు ఇంకెక్కడో ఉంది. దానికి నిద్రలేమి, అలసట తోడయ్యాయి.

అలాగని తప్పంతా పైలట్ మీదే నెట్టేస్తే సరిపోదు. ఇంధనం తేడా వస్తే పైనున్న ఆపరేషన్స్ నిపుణుడికి చెప్పి తీరాలన్న రూల్ కంపెనీలో లేదు. ఆ ఒక్క రూల్ ఉంటే "ఆగు" అని చెప్పడానికి ఇంకో మనిషి ఉండేవాడు. ఈ లోపాన్ని కూడా ఎన్‌టీఎస్‌బీ కారణాల్లో చేర్చింది.

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ పడిపోయిన నిమిషంలోనే బగ్ పుట్టదు కదా, ఇదీ అంతే. బండి నడిపేటప్పుడు మెసేజ్ చూసి ఫోన్ జేబులో పెట్టేస్తే అయిపోయిందనుకుంటాం. చెయ్యి ఖాళీ అవుతుంది, బుర్ర అంత త్వరగా ఖాళీ అవ్వదు. ఆ పేషెంట్‌కి పైలట్‌ని ఎంచుకునే అవకాశం లేదు. మీ బండి వెనక కూర్చున్న వాళ్లకి కూడా మీ ధ్యాస ఎక్కడుందో తెలియదు.

మీరేమంటారో కామెంట్స్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, జాగ్రత్త!