టోపీ, కూలివాని కట్టు

పరదేశపు వేషమనగానే మనకు మొక్కపాటివారి బారిష్టర్ పార్వతీశం గుర్తుకొస్తాడు. 1924లో తొలిభాగం వెలువడిన ఆ నవలలో ఈ మొగల్తూరు యువకుడు ఇంగ్లండు ప్రయాణానికి ఆడవాళ్ళ టోపీ కొని పెట్టుకుంటాడు. చదివి నేనూ నవ్వాను. కాని ఆ రోజుల్లోనే, మన కోరంగి రేవు పేరిట 'కోరంగీలు' అనిపించుకొని రంగూను రేవులో బరువులు మోసిన వేలాది తెలుగు కూలీలు ఏం కట్టారని మనలో ఎందరు అడిగారు?

1930 మే నెలలో వారు కూలిరేట్లకై సమ్మె చేశారు. యజమానులు బర్మా కార్మికులను పనిలో దింపి, రాజీ కాగానే వారిని తొలగించారు. ఆ చిచ్చులో వీథుల్లో నెత్తురు పారింది. అటువంటి వేళ పరాయివాణ్ణి పట్టి ఇచ్చేది ముందుగా కట్టూ బొట్టే. నేడు గల్ఫు ఇళ్ళలో పనికి పోయిన గోదావరి స్త్రీలెందరో అబాయా తొడుగుతున్నారు.

చదువుకు పోయినవానికి వేషం మర్యాద; కూలికి పోయినవారికి రక్షణ. వేషం మార్చుకోవటం తప్పని నేననను. మార్చుకోననగల స్వేచ్ఛ ఎవరికున్నదన్నదే చరిత్ర అడగవలసిన ప్రశ్న.